2,4-డి, ఏజెంట్ ఆరెంజ్ ఒకటేనా? వియత్నాంలో ఇప్పటికీ మట్టిని కాల్చడమెందుకు?

ప్రశ్న (వరిమడి):
మొక్కజొన్నలో వెడల్పాకు కలుపుకి కొట్టే 2,4-డి, వియత్నాం యుద్ధంలో అడవుల ఆకులు రాల్చడానికి అమెరికా విమానాల్లోంచి చల్లిన ఏజెంట్ ఆరెంజ్ ఒకటేనని వాట్సాప్‌లో ఓ మెసేజ్ తిరుగుతోంది. ఇందులో నిజమెంత? ఇంకోటి, యుద్ధం 1975లోనే అయిపోయింది కదా, బియెన్ హోవా వైమానిక స్థావరంలో ఈనాటికీ మట్టి తవ్వి శుద్ధి చేయడం దేనికి? కలుపు మందు ఇన్నేళ్లు నిలుస్తుందా?

జవాబు (కర్బనం):
సగం నిజమండీ, అక్షరాలా సగమే. ఏజెంట్ ఆరెంజ్‌లో 2,4-డి, 2,4,5-టి సమపాళ్లలో కలిపేవారు. మీరు అనుమానించినట్టే ఆ రెండూ మట్టిలో వారాల్లోనో నెలల్లోనో విరిగిపోతాయి. మిగిలిపోయింది మందు కాదు, 2,4,5-టి తయారీలో పుట్టిన మలినం. దాని పేరు టీసీడీడీ, డయాక్సిన్లు అనే క్లోరిన్ ఉన్న విష రసాయనాల్లో అతి విషపూరితమైనది. టెట్రాక్లోరోబెంజీన్‌ని కాస్టిక్ సోడాతో ట్రైక్లోరోఫినాల్‌గా మార్చేటప్పుడు వేడి అదుపు తప్పితే రెండు అణువులు ఒకదానికొకటి అతుక్కుని ఇది తయారవుతుంది. 1976లో ఇటలీలోని సెవెసోలో జరిగిన ప్రమాదం కూడా ట్రైక్లోరోఫినాల్ రియాక్టర్‌దే.

2,4-డిని డైక్లోరోఫినాల్ నుంచి చేస్తారు. ఒక క్లోరిన్ తక్కువ కాబట్టి ఆ దారిలో టీసీడీడీ పుట్టదు. నాసిరకం సరుకులో వేరే డయాక్సిన్లు ఉండొచ్చు, వాటి విషతీవ్రత దీనికంటే చాలా తక్కువ. అలాగని 2,4-డి నిరపాయకరమనీ అనను. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దాన్ని 2బి గ్రూపులో, అంటే 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే వర్గంలో పెట్టింది. టీసీడీడీ మాత్రం 1997 నుంచీ ఒకటో గ్రూపులోనే ఉంది.

మోతాదు తేడా కూడా చూడండి. మన దగ్గర 80 శాతం సోడియం సాల్ట్ పొడి ఎకరాకు 500 గ్రాములు, 200 లీటర్ల నీటిలో కలిపి కొడతారు. అంటే అసలు మందు 400 గ్రాములు. అక్కడ సి-123 విమానాలు చుక్క నీళ్లు కలపకుండా ఎకరాకు 11 లీటర్లకు పైగా చల్లాయి. లీటరులో అసలు మందు దాదాపు కిలో. పాతిక రెట్లు దాటింది.

జవాబు (నేలపొర):
రెండో ప్రశ్నకు నా వంతు. 1962 నుంచి 1971 వరకు ఏజెంట్ ఆరెంజ్‌తో సహా అన్ని రకాల మందులూ కలిపి 7 కోట్ల లీటర్లకు పైగా చల్లారు. కానీ ఇవాళ్టి ప్రమాదం ఎక్కువగా ఉన్నది చల్లిన అడవుల్లో కాదు, డ్రమ్ములు నిల్వ చేసి, విమానాల్లోకి నింపి, ట్యాంకులు కడిగిన చోట్ల. ఆకు మీద పడ్డ డయాక్సిన్‌ని ఎండ త్వరగానే విరగ్గొడుతుంది. మట్టి లోపలికి దిగినదానికి ఎండ తగలదు. పైపొరలో అది సగానికి తగ్గడానికే 9 నుంచి 15 ఏళ్లు, లోతుల్లో 25 నుంచి 100 ఏళ్లు పడుతుంది. దనాంగ్, బియెన్ హోవా, ఫూ కాట్ స్థావరాలు ప్రధాన కేంద్రాలుగా తేలింది అందుకే. బియెన్ హోవాలో అయితే 1969 డిసెంబరు, 1970 మార్చి మధ్య జరిగిన లీకుల్లో 28,000 లీటర్ల దాకా మందు నేలపాలైంది.

దనాంగ్‌లో కిలో మట్టికి గరిష్ఠంగా 365 మైక్రోగ్రాముల డయాక్సిన్ దొరికింది. మట్టికి పెట్టుకున్న పరిమితి 1 మైక్రోగ్రాము. 2012 నుంచి 2018 వరకు సాగిన శుద్ధిలో సుమారు 90,000 ఘనపు మీటర్ల మట్టిని కాల్చారు. 'కాల్చడం' అంటే మంట పెట్టడం కాదు. కాంక్రీటు గోడల మధ్య మట్టిని కుప్పపోసి, వేడి బయటికి పోకుండా పైన కప్పి, కుప్పలోకి వందలాది విద్యుత్ హీటర్ కడ్డీలు దించుతారు. మట్టి మొత్తం కనీసం 335 డిగ్రీలకు చేరాలి. చాలా డయాక్సిన్ కుప్పలోనే విరిగిపోతుంది. ఆవిరై పైకి వచ్చినదాన్ని పీల్చి, చల్లార్చి, బొగ్గు ఫిల్టర్లలో పడతారు.

తంటా అంతా తేమతో. నీరు మొత్తం ఆవిరయ్యేదాకా మట్టి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, కరెంటు మాత్రం తింటూనే ఉంటుంది. చెరువు అడుగు బురదైతే మరీను. అందుకే ముందు ఆరబెట్టాలి, వాన నీరు దిగకుండా చూడాలి, కుప్పలో చల్లగా మిగిలిన మూలలను థర్మామీటర్లతో పట్టుకోవాలి. దనాంగ్ ఖర్చు దాదాపు 11 కోట్ల డాలర్లు. బియెన్ హోవాలో మట్టి సుమారు 5 లక్షల ఘనపు మీటర్లు. ఇన్నేళ్లు ఎందుకు పడుతోందో అక్కడే తెలుస్తుంది.

వరిమడి:
ఇద్దరికీ ధన్యవాదాలు. అక్కడి జనానికి ఏ జబ్బులు వచ్చాయని తేల్చారు? చుట్టుపక్కల చేపల్ని బాగా ఉడికించి తింటే సరిపోదా?

జవాబు (నాడి):
ఫలానా మనిషి జబ్బు ఫలానా పిచికారీ వల్లే వచ్చిందని నిరూపించడం దాదాపు అసాధ్యం. రక్తంలో డయాక్సిన్ కొలిచే పరీక్ష చాలా ఖరీదు. పైగా ఒంట్లో చేరినది సగమయ్యేందుకు 7 నుంచి 11 ఏళ్లు పడుతుంది కాబట్టి, దశాబ్దాల తర్వాత చూస్తే మొదట ఎంత చేరిందో చెప్పలేం. అమెరికా తన మాజీ సైనికులకు ఈ చిక్కు తప్పించింది. వియత్నాంలో పనిచేసి ఉంటే చాలు, టైప్ 2 మధుమేహం, పార్కిన్సన్స్, నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా వంటివాటిని దాని ఫలితంగానే లెక్కిస్తుంది. 2022లో రక్తపోటు కూడా చేరింది. అదే వియత్నాం బాధితులు 2004లో న్యూయార్క్ కోర్టులో తయారీ కంపెనీల మీద వేసిన దావాను మరుసటి ఏడాదే కొట్టేశారు. ఒకే విషానికి రెండు కొలమానాలు, అంతే.

జవాబు (కర్బనం):
చేపల సంగతి. ఉడికిస్తే పోదండీ. నెలల తరబడి వేడి చేసి 335 డిగ్రీలకు చేరిస్తే గానీ విరగనిదాన్ని పొయ్యి ఏం చేస్తుంది? ఇది నీళ్లలో దాదాపు కరగదు, కొవ్వులో చేరుతుంది. అందువల్ల తాగునీటి కన్నా బురదలో మేసే చేపలు, నత్తలు, బాతులు, నేల గెలికి తినే నాటుకోళ్ల గుడ్లే ఎక్కువ ప్రమాదం. చర్మం, తల, పేగులు, కొవ్వు తీసేస్తే మోతాదు తగ్గుతుంది కానీ మాయం కాదు. ఆ స్థావరాల దగ్గరి చెరువుల్లో చేపలు పట్టడాన్నే నిషేధించింది అందుకే. వరి వేరు దీన్ని పెద్దగా పీల్చుకోదు. గుమ్మడి జాతి తీగలు మాత్రం పీల్చుకుంటాయి. దుంపలైతే తొక్క మందంగా చెక్కి పారేయాలి, ఆకుకూరలైతే అంటిన మట్టి పూర్తిగా పోయేదాకా కడగాలి.