మైపాడు ఇసుకలో మెయోఫానా (రేణువుల సందుల్లో బతికే చిన్న జీవులు) దాదాపు సున్నా, తప్పు ఎక్కడ?

పెన్నాఒడ్డు: మైపాడులో అల వచ్చి వెనక్కిపోయే చోట 5 సెం.మీ. లోతు ఇసుక తీశాం. పట్టుమని పది నెమటోడ్లు (దారం లాంటి సన్నటి పురుగులు) లేవు. కృష్ణపట్నం వైపు క్రీకు ఒడ్డున అదే లోతులో లెక్కపెట్టలేనన్ని. అలల దెబ్బకు జీవులు బతకవని రాసేయొచ్చా? పక్కన గుంట తవ్వితే నల్లపొర కూడా కనిపించింది. ఆక్సిజన్ లేనట్టేనా?

ఉప్పుగాలి: అలా రాయొద్దండీ. అలలు కొట్టే చోట పైఇసుక ప్రతి పోటుకూ కదిలిపోతుంది, పాటుకు ఎండిపోతుంది. ముతక ఇసుక సందుల్లో నీళ్లు ధారాళంగా పారి ఆక్సిజన్ లోతుకు దిగుతుంది, జీవులూ దాంతోపాటే దిగుతాయి. క్రీకులో మెత్తటి బురద సందులు మూసేస్తుంది కాబట్టి అన్నీ పైన రెండు మూడు సెంటీమీటర్లలోనే కిక్కిరిసి ఉంటాయి. రెండుచోట్లా 5 సెం.మీ.తో పోల్చడమంటే ఒక ఇంట్లో అందరినీ, ఇంకో ఇంట్లో మిద్దె మీదున్న వాళ్లనీ లెక్కపెట్టినట్టు.
3.6 సెం.మీ. లోపలి వ్యాసమున్న గొట్టమైతే వైశాల్యం దాదాపు 10 చ.సెం.మీ. వస్తుంది. 30 సెం.మీ. దాకా దించి ఐదేసి సెంటీమీటర్లుగా కోయండి. లాగే ముందు పైన రబ్బరు బిరడా బిగించకపోతే తడి ఇసుక కిందికి జారిపోతుంది.

జల్లెడ45: జీవులను చంపి నిల్వచేసే ఫార్మలిన్ ముందే పోశారా? గాస్ట్రోట్రిక్‌లు (మెత్తటి ఒంటి అతిచిన్న జీవులు) జిగురుతో రేణువును కరుచుకుంటాయి. అలకు కొట్టుకుపోకుండా కాపాడేది ఆ పట్టే, మనకు దొరక్కుండా చేసేదీ అదే. లీటరు నీళ్లకు 73 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కలిపి పది నిమిషాలు నానబెడితే మత్తెక్కి పట్టు వదులుతాయి. గిరగిరా తిప్పి, ఇసుక కూర్చోగానే పైనీళ్లు 45 మైక్రాన్ల జల్లెడలోకి వంచండి, కనీసం ఆరుసార్లు. ఆరో వంపులోనూ జీవులు వస్తుంటే ఆపొద్దు. కడగడానికి వడగట్టిన సముద్రపు నీళ్లే వాడాలి. మంచినీళ్లు తగిలితే మెత్తటి ఒంటివి పగిలిపోతాయి. ఫార్మలిన్, జీవులకు రంగు పట్టించే రోజ్ బెంగాల్ ఆ తర్వాతే.

ఉప్పుగాలి: నల్లపొరను ముందు వాసన చూడండి. కుళ్లిన గుడ్డు కంపు కొడితే సల్ఫైడ్, గాలికి పెడితే నలుపు తగ్గుతుంది. కంపు లేకుండా బరువుగా, ఎండకు మెరుస్తుంటే ఇల్మనైట్ లాంటి ఖనిజపు ఇసుక. పెద్ద అలలు తేలిక ఇసుకను లాక్కుపోయి దాన్ని మిగులుస్తాయి. అది ఆక్సిజన్ సంగతి చెప్పదు, ఇసుక ఎంత లోతు దాకా కోసుకుపోయిందో చెబుతుంది.

పెన్నాఒడ్డు: కంపు లేదు, మెరుస్తోంది. ఫార్మలిన్ మాత్రం అక్కడికక్కడే పోసేశాం. ఆ సీసాలు పారబోయాల్సిందేనా?

జల్లెడ45: వద్దు. నెమటోడ్లకు, కోపెపాడ్లకు (రొయ్యల బంధువులైన బుల్లి జీవులు) పనికొస్తాయి, ఇంకో ఆరుసార్లు వంచి చూడండి. గాస్ట్రోట్రిక్‌ల గడిలో సున్నా వేయకుండా ఖాళీగా వదిలేయండి.