బానిసత్వం లేని బోస్టన్‌కి చేరినా ఆంథోనీ బర్న్స్‌ని వెనక్కి ఎలా పంపారు?

అందరికీ నమస్తే, ఒక డౌట్. సివిల్ వార్‌కి ముందే అమెరికా నార్త్ స్టేట్స్‌లో బానిసత్వం లేదు కదా, మరి సౌత్ నుంచి తప్పించుకున్నవాళ్లు అక్కడ ఆగకుండా కెనడా దాకా ఎందుకు పోయేవాళ్లు? అలా సౌత్ నుంచి పారిపోయి వచ్చిన ఆంథోనీ బర్న్స్‌ని బోస్టన్‌లోనే పట్టుకుని వెనక్కి పంపారని చదివాను, అప్పట్నుంచి మనసు కుదురుగా లేదు. అసలు కోర్టు ఏం చూసి పంపిందండీ?

---

1850 చట్టం వల్లండీ. పారిపోయినవాళ్లని ఓనర్‌కి అప్పగించాలని రాజ్యాంగంలోనే ఉంది, 1793లో దానికి ఒక చట్టం చేశారు, నార్త్‌లో కొన్ని స్టేట్స్ అడ్డుపడుతున్నాయని 1850లో ఇంకా గట్టిది తెచ్చారు. జ్యూరీ ఉండదు, పట్టుబడిన మనిషి సాక్ష్యం చెల్లదు, ఒక కమిషనర్ కూర్చుని తేల్చేస్తాడు. వెనక్కి పంపితే ఆయన ఫీజు 10 డాలర్లు, వదిలేస్తే 5. పంపితే కాగితాల పని ఎక్కువ కాబట్టి అన్నారు, నాకైతే అది చదివితే ఒళ్లు మండింది. దాచినవాళ్లకి 1000 డాలర్ల దాకా ఫైను, ఆర్నెల్ల దాకా జైలు. నార్త్‌లో ఉన్నా ఈ చట్టం వదలదు, ఇంక కెనడా కాక ఎక్కడికి పోతారు చెప్పండి.

---

బర్న్స్ సంగతి నేను చెప్తా. వర్జీనియా రిచ్‌మండ్ నుంచి ఓడలో దాక్కుని 1854 మొదట్లో బోస్టన్ చేరాడు, బట్టల షాపులో పని దొరికింది, 20 ఏళ్ల కుర్రాడు. అన్నకి ఉత్తరం రాసి కెనడా మీదుగా పంపాడు గానీ లోపల బోస్టన్ అని రాసేశాడు, అది ఓనర్ల చేతిలో పడింది. మే 24న దొంగతనం కేసని చెప్పి పట్టుకెళ్లారు. ఆ రాత్రి ఓనర్ సట్టిల్ ఎదురుగా వచ్చి నిలబడితే పాపం భయంలో మాస్టర్ అని పలికాడంట. ఆయన సాక్ష్యం చెల్లదన్న చట్టంలోనే, ఆ రాత్రి మాటల్ని ఆయన మీదే సాక్ష్యంగా వాడుకున్నారు! బర్న్స్ లాయర్ డానా ఇది అన్యాయమని గట్టిగా వాదించినా కమిషనర్ లోరింగ్ వినలేదు. జూన్ 2న సైనికుల మధ్య ఓడ దాకా నడిపించారు, రోడ్డుకి రెండు పక్కలా వేలమంది జనం, చాలా షాపులకి నల్లబట్టలు కట్టారు.

---

తర్వాత ఏమయ్యాడన్నా? ఆ లోరింగ్‌ని ఎవరూ ఏమీ అనలేదా?

---

లోరింగ్ కమిషనర్‌తో పాటు స్టేట్ జడ్జి కూడా, 1858లో మసాచుసెట్స్ ప్రభుత్వం ఆ జడ్జి పదవిలోంచి తీసేసింది తమ్ముడూ. బర్న్స్‌ని మాత్రం రిచ్‌మండ్‌లో బేడీలేసి నెలల తరబడి ఇరుకు గదిలో పడేశారు, తర్వాత నార్త్ కరోలినా వ్యాపారికి అమ్మేశారు. 1855లో బోస్టన్ నల్లజాతి పాస్టర్ లెనార్డ్ గ్రైమ్స్ చందాలు పోగేసి 1300 డాలర్లిచ్చి విడిపించాడు. అంటే కోర్టులో దొరకని స్వేచ్ఛ చందాలతో కొనుక్కోవాల్సి వచ్చింది చూడు.

అంతకంటే నన్ను కదిలించింది ఇంకోటుంది. పారిపోవడం పాపమని వర్జీనియాలో బర్న్స్ సొంత చర్చే ఆయన్ని వెలేసింది, దానికి జవాబు రాశాడు, నేను పుట్టగానే నన్ను దొంగిలించారు, ఆ దొంగతనం నుంచి తప్పించుకోవడం దేవుడికి ఎదురు తిరగడం ఎలా అవుతుందని. తర్వాత ఓబర్లిన్‌లో చదువుకుని కెనడాలో సెయింట్ కాథరిన్స్‌లో పాస్టర్ అయ్యాడు, 1862లో క్షయతో పోయాడు, 28 ఏళ్లే. ఆ 1850 చట్టాన్ని రద్దు చేసింది 1864లో.