చిట్టా నుంచి సాఫ్ట్‌వేర్‌కి: కొట్టు పద్ధతి మారాలా, సాఫ్ట్‌వేర్ మారాలా?

తెనాలి హార్డ్‌వేర్
మాది తెనాలిలో హార్డ్‌వేర్, ప్లంబింగ్ సామాన్ల కొట్టు. హోల్‌సేలూ ఉంది, రిటైలూ ఉంది. నాన్న పెట్టి 31 ఏళ్లయింది. 2017 జులైలో జీఎస్‌టీ వచ్చినప్పుడు ఆడిటర్ గారు పట్టుబట్టి కంప్యూటర్ పెట్టించారు. అయినా పగలంతా లెక్క నడిచేది చిట్టాలోనే. రాత్రి షట్టర్ సగం దించాక గుమాస్తా బాబాయ్ చిట్టా ముందు పెట్టుకుని బిల్లులన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తాడు. ఒకే పని రెండుసార్లు.

పోయిన నెల ఒక బిల్డరుకి నాలుగంగుళాల పైపులు 60 ఇస్తానని మాటిచ్చాను. కంప్యూటర్లో 64 ఉన్నాయి. గోదాంలో చూస్తే 14. మాట పోకూడదని విజయవాడ నుంచి ఎక్కువ రేటుకి తెప్పించి పంపాం. అప్పట్నుంచి ఏ ఆర్డరు ఒప్పుకోవాలన్నా టెన్షనే.

ఇప్పుడు ఒక కంపెనీ వాళ్లు మొత్తం ప్యాకేజీ ఇస్తామంటున్నారు. బార్‌కోడు, గోదాం స్టాకు, బాకీల మెసేజీలు, లైన్ మీద తిరిగే కుర్రాళ్లకి యాప్. షరతు ఒకటే: మీ పద్ధతే సాఫ్ట్‌వేర్‌కి తగ్గట్టు మార్చుకోవాలి. నాన్న ఒప్పుకోవడం లేదు. ఇన్నేళ్లు అన్నం పెట్టిన పద్ధతిని ఎవరో రాసిన ప్రోగ్రాం కోసం ఎందుకు మార్చాలంటారు. నాకు కంపెనీ వాళ్ల మాటే సరైందనిపిస్తోంది. మీరేమంటారు?

మాదాపూర్ ఈఆర్‌పీ
కంపెనీ వాళ్లది సరైన మాటే. కంపెనీలకి ఇలాంటి సాఫ్ట్‌వేర్లు (ఈఆర్‌పీ అంటారు) పెట్టే పనిలో 14 ఏళ్లుగా ఉన్నాను. "మా దగ్గర ఇలాగే చేస్తాం, మీరే మార్చండి" అన్న చోటల్లా ఖర్చు రెట్టింపయింది.

జర్మనీలో లిడిల్ అనే పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ ఉంది. ఎస్ఏపీ అనే కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడానికి ఏడేళ్లు పనిచేసి, సుమారు 50 కోట్ల యూరోలు పోసి, 2018లో మొత్తం ఆపేసింది. పత్రికల్లో రాసిన కారణాల్లో ముఖ్యమైనది ఇదీ: లిడిల్ సరుకు విలువను కొన్న ధరకి కట్టేది, ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా అమ్మే ధరకి కడుతుంది. తమ అలవాటు మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్ని మార్పించుకుంటూ పోయారు. అంత డబ్బున్నవాళ్లకే సాధ్యం కాలేదు. మీ నాన్నగారికి ఈ సంగతి చెప్పండి.

గుంటూరు అకౌంటెంట్
లిడిల్ సంగతి నిజమే, కానీ తెనాలి కొట్టుకి అది సరిపోదు. హార్డ్‌వేర్ కొట్టు లెక్కలు 12 ఏళ్లు రాశాను కాబట్టి చెబుతున్నాను. ప్లంబరు పొద్దున్నే వచ్చి ముప్పావు ఇంచి ఎల్బోలు (పైపు మలుపు దగ్గర బిగించేవి) 20 పట్టుకెళ్తాడు. ఎన్ని పడతాయో అతనికీ తెలియదు. నాలుగు రోజుల తర్వాత 6 తిరిగి వస్తాయి. ఇల్లు కట్టుకునే ఆయన పేరున బాకీ, పట్టుకెళ్లింది ప్లంబరు, తిరిగి ఇచ్చింది అతని దగ్గర పనిచేసే కుర్రాడు. చిట్టాలో అయితే గుమాస్తా పద్దు కొట్టేసి 14 అని రాస్తాడు, అయిపోయింది. ఆ ప్యాకేజీలో పాత బిల్లు నంబరు వెతకాలి, రిటర్న్ ఎంట్రీ వేయాలి, క్రెడిట్ నోటు తీయాలి. కౌంటర్ దగ్గర ఎనిమిది మంది నిలబడి ఉంటే ఎవరు చేస్తారు? ఎవరూ చేయరు. ఆరు ఎల్బోలు ర్యాకులో పడతాయి, కంప్యూటర్‌కి తెలియదు.

తీసుకెళ్లి మిగిలింది తిరిగి ఇవ్వడం ఆ వ్యాపారానికి ప్రాణం. ప్లంబర్లు మీ కొట్టుకే రావడానికి సగం కారణం అదే. దాన్ని సాఫ్ట్‌వేర్ కోసం మారిస్తే పక్క కొట్టుకి పోతారు.

ఇంకో మాట. అమెరికాలో చాక్లెట్లు చేసే హెర్షీ 1999లో మూడు కొత్త సాఫ్ట్‌వేర్లు ఒకేసారి మొదలుపెట్టింది, అదీ హాలోవీన్ పండగ అమ్మకాల ముందు. గోదాముల్లో సరుకుండీ సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు కొట్లకి పంపలేకపోయింది. తొందరే దెబ్బ తీసింది. పెట్టదలిస్తే ఆషాఢంలో పెట్టండి. గృహప్రవేశాలుండవు, కౌంటర్ ఖాళీగా ఉంటుంది.

వన్‌టౌన్ వ్యాపారి
అసలు ఎందుకండీ ఇదంతా? 2025 జులైలో కర్ణాటకలో ఏమైందో చూశాం కదా. యూపీఐలో వచ్చిన డబ్బు లెక్కగట్టి చిన్న చిన్న బేకరీలకి, కూరగాయలమ్మేవాళ్లకి పన్ను నోటీసులిచ్చారు. బెంగళూరులో చాలామంది క్యూఆర్ కోడు తీసేసి "క్యాష్ మాత్రమే" అని బోర్డు పెట్టుకున్నారు. కంప్యూటర్లోకి ఎక్కాక మన లెక్క మన చేతిలో ఉండదు.

గుంటూరు అకౌంటెంట్
వాళ్ల భయం నిజమైనదే, దాన్ని తీసిపారేయను. కానీ అది రిజిస్ట్రేషన్ లేనివాళ్ల సమస్య. తెనాలి వారికి జీఎస్‌టీ ఉంది. వాళ్ల దగ్గర కొనే కాంట్రాక్టరుకి 2022 జనవరి నుంచి, అమ్మినవాడు ఎక్కించిన బిల్లు జీఎస్‌టీ పోర్టల్లో తన 2బీ అనే జాబితాలో కనబడితేనే ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను తను కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది. మీరు బిల్లు ఎక్కించడం మరిచిపోతే నష్టం ఆయనకి. రెండుసార్లు అడుగుతాడు, మూడోసారి రాడు. 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లు ఇతర వ్యాపారులకి అమ్మితే ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేసిన బిల్లు) కూడా తప్పనిసరి. చాలా కొట్లు కంప్యూటర్‌కి మారింది ఇష్టపడి కాదండీ, కొనేవాడు అడిగితే.

పాల సెంటర్ అక్క
నేను వ్యాపారిని కాదు, మా ఊరి పాల సెంటర్లో పనిచేస్తాను. ఇంతకు ముందు వెన్న శాతం చూసి పుస్తకంలో చేత్తో రాసేవాళ్లం. రోజూ గొడవే. నా గేదె పాలకి ఇంతేనా అని. తర్వాత మిషన్ పెట్టారు. పాలు పోయగానే అంకె అందరికీ కనబడుతుంది, చీటీ చేతికొస్తుంది. చదువురాని పెద్దమ్మలు కూడా వారంలో అలవాటు పడ్డారు, ఎందుకంటే లాభం వాళ్లకే కనబడింది.

తెనాలి తమ్ముడూ, నువ్వు రాసిందంతా చదివాను. బిల్డరు గురించి రాశావు, నాన్నగారి గురించి రాశావు, నీ టెన్షన్ గురించి రాశావు. రాత్రి కూర్చుని ఎక్కించే ఆ గుమాస్తా గారికి ఈ సాఫ్ట్‌వేర్ వల్ల ఏమొస్తుంది? ఆయన్ని ఒక్కసారైనా అడిగావా?

మాదాపూర్ ఈఆర్‌పీ
రిటర్న్‌ల సంగతిలో అకౌంటెంట్ గారి మాట ఒప్పుకుంటాను, నేనా వ్యాపారం దగ్గర్నుంచి చూడలేదు. కానీ మిగతాదాంట్లో నా మాట అదే. పైపు గోదాంలోంచి కదిలిన క్షణంలో ఎక్కాలి, రాత్రి కాదు. అది మార్చుకోకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేర్ కొన్నా ఆ 64 అలాగే 64 చూపిస్తుంది.

తెనాలి హార్డ్‌వేర్
అక్కా, అడగలేదు. మీ మాట చదివాక రాత్రి అడిగాను.

బాబాయ్ బల్ల సొరుగులోంచి ఒక చిన్న నోటుబుక్కు తీశాడు. నేనెప్పుడూ చూడలేదు. గోదాంలో లోడింగ్ వాళ్లు ఆటోకి ఎత్తేసి చీటీ మరుసటి రోజు తెచ్చినవి, అసలు చీటీయే రానివి, అన్నీ తేదీలతో రాసిపెట్టుకున్నాడు. మా 50 పైపులు అందులోనే దొరికాయి. మూడు లోడ్లు. నాకెందుకు చెప్పలేదంటే, "నువ్వు కంప్యూటర్నే అడుగుతావు కదయ్యా" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు.

ఆయనకి ఏం కావాలని అడిగితే, ఎనిమిదింటికి ఇంటికెళ్లాలన్నాడు. ఇప్పుడు పదిన్నరవుతోంది.

ఈ నెల ప్యాకేజీ సంతకం పెట్టడం లేదు. ముందు గోదాం గేటు దగ్గర ఒక ఫోన్ పెడుతున్నాం. లోడింగ్ మేస్త్రీ ఎత్తిన ప్రతి లోడూ అక్కడే ఫోటో తీసి పంపాలి, అది చూసి పగలే ఎక్కించేస్తాం. పైపులు మాత్రమే, మిగతావి ఆషాఢం తర్వాత చూద్దాం. నాన్న దీనికి ఒప్పుకున్నారు. ఎల్బోల రిటర్న్‌లు మాత్రం ఇప్పటికి చిట్టాలోనే ఉంటాయి. అకౌంటెంట్ గారూ, వాటికి తేలిక దారి ఏదైనా మీరు చూసి ఉంటే రాయండి.

ఆదివారం కొట్టు సెలవు. పైపులన్నీ దించి లెక్కపెడుతున్నాం. బాబాయ్ అంకె చెబుతాడు, నేను రాసుకుంటాను.