సంఘంలో పెద్దామెను ఇచ్చిన అప్పు తిరిగి ఎట్ల అడగాలె?

అందరికీ వందనాలు. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా చర్చి సంఘంలో 40 మందిమి ఉంటం. పోయిన వానాకాలం పత్తి గింజలకని ఒక పెద్దమ్మ (సొంత పెద్దమ్మ కాదు, సంఘంలో అట్లనే పిలుస్తం) నా దగ్గర 8 వేలు తీసుకున్నది. పత్తి అమ్ముడుపోయింది, పైసలు రాలే. నేను అడిగింది ఒక్కసారే, అదీ బోరు కాడ నలుగురి ముందల. అది నాదే తప్పు.

అప్పటి నుంచి మాట్లాడతలేదు. మొన్న బల్లారాధనలో (యేసు ప్రభువును తలుసుకుంట రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) రొట్టె పళ్లెం నా చేతికిస్తూ మొహం అటు తిప్పుకున్నది. ఆ ముక్క గొంతు దిగలే.

బైబిల్ల మత్తయి 18లో, నీ పట్ల తప్పు చేసినోళ్లతో ముందు ఒంటరిగా మాట్లాడు, వినకుంటే ఒకరిద్దరిని తోలుకపో, ఆ తర్వాతనే సంఘానికి చెప్పు అని ఉంది. 1 తిమోతి 5లోనేమో పెద్ద వయసు స్త్రీలను తల్లుల లెక్క చూడమని. తల్లిని సాక్షులతో పోయి నిలదీస్తమా? పైగా మా దాంట్ల ఎవరిని తోలుకపోయినా ఆమెకో నాకో చుట్టమే. పాస్టరయ్యకు చెప్తే వచ్చే ఆదివారం వాక్యంలో వస్తదని భయం.

పైసలు వదిలేయనీకి నేను సిద్ధమే, మా ఆయన ఒప్పుకోడు, అది వేరే సంగతి. ముందు నలుగురిలో అడిగినందుకు క్షమాపణ అడిగి, పైసల మాట ఇంకోరోజు తీయాల్నా? రెండూ ఒకేసారి మాట్లాడాల్నా? ఇట్లాంటిది దాటినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి.