యూ టర్న్‌లో సూపర్ మీటియర్ పడిపోయింది: బరువైన బండిని నెమ్మదిగా తిప్పడం ఎలా?

కూకట్‌పల్లి_650:
ఆరేళ్లు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 నడిపి, ఈమధ్యే వాళ్లదే సూపర్ మీటియర్ 650 బైక్ తీసుకున్నాను. హైవే మీద ఎంత హాయిగా ఉందో! ఇబ్బందంతా మా కాలనీలోనే. ఆదివారం పొద్దున వీధి చివర యూ టర్న్ తీసుకుంటుంటే సందులోంచి స్కూటీ అడ్డం వచ్చింది. ముందు బ్రేకు పట్టేశాను. బండి అక్కడికక్కడే కుడివైపుకి ఒరిగిపోయింది. కాలు దించాను కానీ 241 కిలోల బరువు ఆగుతుందా? ముగ్గురం కలిసి లేపాం. క్రాష్ గార్డ్ ఉండబట్టి ట్యాంకుకి దెబ్బ తగల్లేదు. అప్పటినుంచి యూ టర్న్ అంటేనే టెన్షన్. మీరంతా ఎలా అలవాటు చేసుకున్నారు?

గాజువాక_రైడర్:
తమ్ముడూ, ముందు నీకేం దెబ్బ తగల్లేదు కదా? పడింది బరువు వల్ల కాదు, ముందు బ్రేకు వల్ల. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే షాకర్లు) దిగి, బరువంతా వంగిన వైపుకే వచ్చేస్తుంది. ఆ వేగంలో బండి తనంతట తాను నిలబడదు. అందుకే యూ టర్న్ మొదలుపెట్టే ముందే కుడిచేతి వేళ్లు బ్రేకు లివర్ మీంచి తీసేయి. వేళ్లు అక్కడే ఉంటే భయంలో అవే నొక్కేస్తాయి.

ఇక అసలు పని హాఫ్ క్లచ్‌ది, వెనక బ్రేకుది. రేస్ కొద్దిగా ఇచ్చి కదలకుండా పట్టుకో. క్లచ్ పట్టీ పట్టనట్టు ఉండే చోట వేళ్లు ఆపు. కుడి పాదంతో వెనక బ్రేకు అలా ఆనించి ఉంచు. ఇంజిన్ ముందుకి తోస్తుంటే బ్రేకు వెనక్కి పడుతుంది. తాడు రెండువైపులా లాగి పట్టుకున్నట్టు బండి బిగువుగా నిలబడుతుంది. వేగం పెంచాలంటే క్లచ్ ఒక వెంట్రుకవాసి వదలాలి, తగ్గించాలంటే మళ్లీ అంతే నొక్కాలి. రేస్ జోలికి పోవద్దు.

నేను వారం రోజులు తిప్పడం మాటే ఎత్తలేదు. ఖాళీ గ్రౌండ్‌లో నడిచే మనిషి పక్కన, అతని వేగంతోనే తిన్నగా పోవడం, అంతే. తర్వాతే సగం నీళ్లు పోసిన సీసాలు పెట్టి వాటి చుట్టూ తిరిగాను.

హిమాలయన్_అక్క:
నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బండి హిమాలయన్ 450. సీటు కిందికి దించినా 825 మిల్లీమీటర్లు. రెండు కాళ్లూ పూర్తిగా ఆనవు, కాబట్టి నేను తిప్పడం కంటే ఆగడం ఎక్కువ నేర్చుకోవాల్సి వచ్చింది. ఆగబోయే చోటు నేల ఎటు వాలుగా ఉందో ముందే చూసుకుంటాను. హ్యాండిల్ తిన్నగా పెట్టి, వెనక బ్రేకుతో ఆపి, ఎడమ కాలు ఒక్కటే గట్టిగా దించుతాను. ఇసుక, కంకర ఉంటే ఇంకో అడుగు ముందుకి పోయి ఆగుతాను. ఇంకో మాట: కదులుతున్నప్పుడు రెండు కాళ్లూ వేలాడేసుకుని పోవద్దు. పాదం పెడల్ మీద లేకపోతే వెనక బ్రేకు ఎలా వేస్తారు?

కొత్త_బుల్లెట్:
ఇంతసేపు హాఫ్ క్లచ్‌లో ఉంచితే ప్లేట్లు కాలిపోవా?

మెకానిక్_ఒంగోలు:
రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే తడిసి ఉంటాయండి. కాబట్టి కాసేపు ఇలా ప్రాక్టీస్ చేస్తే ఏమీ కాదు. కాకపోతే రేస్ ఎక్కువ ఇచ్చి జారించకండి. పది నిమిషాలకోసారి బండి ఆపి చల్లారనివ్వండి.

డల్లాస్_తెలుగు:
నాది హార్లీ డేవిడ్‌సన్ రోడ్ కింగ్, దాదాపు 380 కిలోలు. ఇక్కడ మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ కోర్సులో చిన్న బళ్ల మీదే నేర్పుతారు. గీసిన గడిలో ఎనిమిది అంకె వేయించారు. మన ఆర్‌టీఓ ఆఫీసులో లైసెన్సు కోసం వేసిన ఎనిమిది గుర్తొచ్చింది! ఆ రోజు నాకు పట్టుబడింది ఒక్కటే: చూపు. సీసా వైపు చూస్తే సీసా మీదకే పోతాం. తల పూర్తిగా తిప్పి, గడ్డం భుజం మీదికి వచ్చేలా, బయటపడాల్సిన చోటునే చూడాలి. ఒళ్లు మాత్రం బయటి వైపుకి ఉంచి, బండినే లోపలికి వంచాలి. హైవే మలుపులకి ఇది సరిగ్గా తలకిందులు, కాబట్టి మొదట్లో వింతగా ఉంటుంది.

గాజువాక_రైడర్:
బాగా చెప్పారు. తమ్ముడూ, క్లాసిక్ కొలత ఇక మర్చిపో. కొత్త క్లాసిక్ చక్రాల మధ్య దూరం 1390 మిల్లీమీటర్లు, నీ బండిది 1500. అదే రోడ్డులో నీకు చోటు ఎక్కువ కావాలి. మళ్లీ పడితే ముందు ఇంజిన్ ఆపు. కుడివైపు పడితే లేపే ముందే సైడ్ స్టాండ్ దించు, గేరులో ఉంచు. వీపు సీటుకి ఆనించి, నడుము వంచకుండా, కాళ్లతో వెనక్కి తోస్తూ చిన్న అడుగులు వేయి.

కూకట్‌పల్లి_650:
మూడు వారాలైంది. దెబ్బేమీ లేదన్నా, మోకాలు కాస్త గీసుకుందంతే. స్కూల్ గ్రౌండ్‌లో రోజూ పొద్దున అరగంట. మొదటి నాలుగు రోజులు ఎడమ ముంజేయి ఒకటే నొప్పి. నిన్న అదే వీధి చివర తిప్పాను. సగంలో ఉండగా మా పక్కింటాయన గేటు తీసుకుని బయటికొచ్చారు. కుడిచేతి వేళ్లు కదల్లేదు, పాదమే బ్రేకు మీద పడింది. ఆయన దాటేదాకా బండి నిదానంగా అలాగే పాకింది. ఎడమవైపు ఇంకా బెరుకుగానే ఉంది. అటువైపు మీలో ఎవరికి తొందరగా వచ్చింది?