అలెగ్జాండ్రియాను దెబ్బకొట్టింది వాస్కో డ గామానా, ఒండ్రుమట్టా?

రేవుగాలి: 1498లో గామా కాలికట్ చేరాడు, మిరియాలు ఆఫ్రికా చుట్టి లిస్బన్ పోయాయి, దాంతో ఎర్రసముద్రం దారిన వాటిని అందుకునే ఈజిప్టు రేవు అలెగ్జాండ్రియా పని అయిపోయింది. పాఠాల్లో చెప్పే ఈ మాట నిలబడుతుందా?

కృష్ణలంక: సగం కూడా నిలబడదు. 1560ల నాటికే ఎర్రసముద్రం దారిన మిరియాలు మళ్లీ జోరుగా వస్తున్నాయి, వెనిస్ వర్తకులు కొంటున్నారు. ఆపైన యెమెన్ కాఫీ. సరుకుకు లోటు లేదు, లోటంతా కాలువ నీళ్లకే. ఆ ఊరు నైలు ఒడ్డున లేదు కదా, నదికి కలిపింది ఓ కాలువే. పాత కాలువకు నీరిచ్చిన నైలు పాయ, కనోపిక్, పూడిపోయింది. డెల్టా కొసన వాలు దాదాపు సున్నా. ఆగస్టు, సెప్టెంబరుల్లో వరద వచ్చేది. వరద తగ్గగానే నీటి వేగం పడిపోయి ఒండ్రంతా కాలువ మొదట్లోనే మేట వేసేది. ఏటా పూడిక తీయకపోతే వరద నెలల్లో తప్ప పడవ ఆడేది కాదు. తాగునీళ్లూ అంతే: వరదప్పుడు ఊరి కింది తొట్లు నింపుకుని ఏడాదంతా వాడేవాళ్లు.

చిట్టా: పూడిక కొత్తగా వచ్చిందా అండీ? 1310-11లో ఈజిప్టు ఏలిన మమ్లూక్ సుల్తాన్ అల్ నాసిర్ ముహమ్మద్ అదే కాలువను మళ్లీ తవ్వించాడు. తవ్వించే ఖజానా ఉన్నన్నాళ్లూ రేవు నడిచింది. మట్టి మీద నేరం మోపడం తేలిక.

కృష్ణలంక: ఖజానా సరే, సరుకు దారి చూడండి. కాలువ చెడ్డాక కైరో సరుకు నైలు మీద, నది సముద్రంలో కలిసే చోటున్న రషీద్ దాకా వచ్చేది. అక్కడ మొగలో ఇసుక తిన్నె, దాని మీద లోతు తక్కువ. చిన్న పడవల్లోకి మార్చి, గాలి కలిసొస్తేనే దాటించాలి. అల రేగిందంటే పడవ తిన్నెకు కొట్టుకుని సరుకంతా నీళ్లపాలు. ఇంత చేసి అలెగ్జాండ్రియా చేరితే, లోతైన పడమటి రేవులోకి క్రైస్తవుల ఓడలను రానివ్వరు. రాళ్లున్న తూర్పు రేవే గతి. మధ్యలో బాగుపడింది రషీద్! 1798లో నెపోలియన్ దిగేనాటికి అలెగ్జాండ్రియాలో జనం పదివేల లోపే. 1820లో నైలు నుంచి ఊరికి మహమూదియా కాలువ తెరిచారు, శతాబ్దం సగానికి లక్ష దాటారు.

రేవుగాలి: అది పత్తి పుణ్యం కాదా?

కృష్ణలంక: పొడుగు పింజ పత్తి పుంజుకున్నది 1820ల్లో. కాలువ పని 1817లోనే మొదలైంది.

చిట్టా: సరే, తేదీలే పట్టుకుందాం. అంతకుముందే, నెపోలియన్ యుద్ధాల రోజుల్లో, ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ బ్రిటిష్ సేనలకు గోధుమలు అమ్మి బాగా గడించాడు. ఆ డబ్బూ, ధాన్యం రేవుకు చేర్చాల్సిన అవసరమూ కలిసి కాలువ తవ్వించాయి. వెట్టికి పట్టుకొచ్చిన రైతులు వేలల్లో చచ్చిపోయారు, అది వేరే సంగతి. మహమూదియా కూడా పూడుతూనే ఉండేది, తీయిస్తూనే ఉండేవారు. ఒండ్రే కారణమైతే, ఆ కాలువ మీద ఊరు ఎలా పెరిగినట్టు?

కృష్ణలంక: తీయించారు కాబట్టి. 1517లో ఆటోమన్ తుర్కులు ఈజిప్టును గెలిచాక ఆ పని ఎందుకు సరిగా సాగలేదో చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటాను.