కాటా చూపించే కొవ్వు శాతాన్ని నమ్మొచ్చా, డెక్సాకే వెళ్లాలా?

తూకంరాయుడు:
కాళ్లు పెడితే కొవ్వు శాతం చెప్పే కాటా కొన్నాను. పొద్దున 24 అంటుంది, రాత్రికి 21 అంటుంది. ఎక్స్‌రేలతో ఒంట్లో కొవ్వు కొలిచే డెక్సా స్కాన్‌లో 28 వచ్చింది. దేన్ని పట్టుకోవాలి? డెక్సా ఒక్కటే నిజం, మిగతావన్నీ కాకిలెక్కలంటున్నారు జిమ్‌లో.

నీటిలెక్క:
కాటా కొవ్వును చూడదండీ. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి చిన్న కరెంటు పంపి ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. దాన్నిబట్టి ఒంట్లో నీరెంతో ఒక అంచనా. కొవ్వు కాని భాగంలో సుమారు 73 శాతం నీరే అనుకుని ఆ భాగం ఎంతో ఇంకో అంచనా. బరువులోంచి అది తీసేస్తే మిగిలిందే మీ కొవ్వు. 70 కిలోల మనిషికి 14 కిలోలు, అంటే 20 శాతం చూపించిందనుకోండి. లీటరు నీళ్లు తాగి వెంటనే మళ్లీ ఎక్కితే బరువు 71. కరెంటు తిరిగేది ఎక్కువగా కాళ్లలో, నీళ్లున్నది కడుపులో. దాంతో ఆ కిలో కొవ్వు ఖాతాలో పడి 21 దాటుతుంది. నీళ్లు తాగినా ఒళ్లొస్తుందనేవాళ్లకు ఇదిగో రుజువు :)

మడతపట్టు:
చర్మాన్ని మడతపట్టి మందం కొలిచే కాలిపర్‌ను ఎవరూ తలవరేం? కొలిచే మనిషి మారకపోతే, కొలిచే చోటు మారకపోతే అది చాలా నయం. మిల్లీమీటర్లు అలాగే రాసుకోండి, శాతంలోకి మార్చొద్దు. మార్చేటప్పుడే గొడవంతా. మిల్లీమీటర్లను బట్టి ముందు ఒంటి సాంద్రతను అంచనా కట్టి, దాన్నుంచి శాతం లెక్కగట్టాలి. 1961 నాటి సిరి సూత్రం ప్రకారం 495ను ఒంటి సాంద్రతతో భాగించి 450 తీసెయ్యాలి. సాంద్రత 1.06 అయితే కొవ్వు 17 శాతం, 1.05 అయితే 21 పైనే. ఒక్క అంకె తేడాకి ఇంత! సాంద్రత కోసం మనిషిని నీళ్లలో ముంచి తూచినా చివరికి ఇలాంటి సూత్రమే దిక్కు.

ఎక్స్‌రేపక్షం:
అందుకే డెక్సా అంటున్నాం. రెండు శక్తుల ఎక్స్‌రేలతో ఎముక, కొవ్వు, కండ దేనికదే చూపిస్తుంది. రేడియేషన్ కూడా చాలా తక్కువ. ఇంకేం కావాలి?

నీటిలెక్క:
దేనికదే అన్నారు చూశారూ, అక్కడే పేచీ. ఎముక అడ్డున్న చోట కొవ్వునీ కండనీ అది విడదీయలేదు. పక్కనున్న మెత్తటి భాగాన్ని చూసి ఇక్కడా అంతే అనుకుంటుంది. మెషిన్ కంపెనీ మారితే అంకె మారుతుంది. కొవ్వును నేరుగా తూచాలంటే బ్రస్సెల్స్ పరిశోధకులు 25 శవాలతో చేసినట్టు కోసి తూచాల్సిందే. డెక్సా వద్దనను. తీయిస్తే ప్రతిసారీ అదే మెషిన్ మీద, పరగడుపున తీయించండి.

తూకంరాయుడు:
మరి రెండు స్కాన్‌ల మధ్యలో?

టేపుచాలు:
టేపు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం లోపు ఉందా లేదా, అంతే.

ఎక్స్‌రేపక్షం:
కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంటే టేపు చెబుతుందా? బరువు తగ్గేవాళ్ల అసలు భయం అదే కదా.

మడతపట్టు:
డెక్సా మాత్రం? అది కండ కింద రాసేదాంట్లో నీళ్లూ ఉంటాయి. పిండిపదార్థాలు కండల్లో నీటిని పట్టి ఉంచుతాయి కాబట్టి, అవి దండిగా తిన్న మర్నాడు తీయించి చూడండి, వ్యాయామం లేకుండానే ‘కండ’ పెరిగి ఉంటుంది.